ఇత్తడి పలక మీది నలుపు

1978 అక్టోబరు. ఆదివారం మధ్యాహ్నాలు తమ చర్చిని మా తెలుగు సంఘానికి ఇచ్చిన అమెరికన్ సంఘం వారు, మా మొదటి ఆరాధన రోజునే హీటరు ఆపేశారు. కోట్లు తీయకుండానే కీర్తనలు పాడాము. టైమరు పొరపాటన్నారు. ఆ టైమరును నేను స్వయంగా పరిశీలించాను. దానంతట అది తిరిగే రకం కాదు.

1979 డిసెంబరు. వంటగదికి తాళం వేశారు. పోపు వాసన వారం దాటినా పోలేదని కారణం చెప్పారు. క్రిస్మస్ పులిహోర మంచులో నిలబడి, కారు బానెట్ మీద పెట్టుకొని తిన్నాము.

1980 ఏప్రిల్. ఈస్టరు నాడు గుమ్మం దగ్గర విడిచిన మా చెప్పులూ బూట్లూ ఆరాధన ముగిసేసరికి మాయమయ్యాయి. బేస్‌మెంటులో, పాత బట్టల సంచుల్లో దొరికాయి. ఎవరో పేదలకు ఇవ్వమని వదిలి వెళ్ళారనుకున్నారట. అంతమంది ఒకేసారి వట్టి కాళ్ళతో ఇంటికి పోతారా అని అడిగాను. నవ్వారు.

1981 జులై. డోలక్ వాయించవద్దన్నారు. కిటికీల రంగు అద్దాలు అదురుతాయట. వాళ్ళ ఆర్గన్ మోగితే బెంచీలే అదిరేవి. ఆ సంగతి ఉత్తరం రాసి అడిగాను. జవాబు లేదు.

1981 డిసెంబరు. తెలుగులో రాసి నోటీసు బోర్డుకు తగిలించిన మా ఆరాధన వేళల కాగితం పీకేశారు. అందులో ఏముందో తమకు తెలియదు గనుక పీకేశామన్నారు.

1982 మే. ఆగస్టు ఆఖరుకల్లా ఖాళీ చేయమన్నారు.

పైన రాసినవన్నీ జరిగినవే. తేదీలు మరోసారి సరిచూసుకున్నాను. ఈ జాబితాను ఇంతకుముందు చాలామందికి చూపించాను. చదివిన ప్రతివారూ “ఎంత అన్యాయమండీ” అన్నారు. ఆ మాట వినడం నాకు ఇష్టం. కాని చివరి రెండు పంక్తుల మధ్య ఇంకొక పంక్తి ఉండాలి. 1982 ఏప్రిల్ అని మొదలుకావలసిన పంక్తి. అది నేను రాయలేదు. ఏడేళ్ళుగా రాయలేదు. దాని బరువును ఇన్నేళ్ళూ మోశానని చెప్పుకుంటే అది కూడా అబద్ధమే. మోసింది వేరొకరు. నేను దాచాను, అంతే. దాచడానికి కూడా ఒక బరువుంటుందని మాత్రం ఇప్పుడు తెలుస్తోంది.

మోసిన మనిషి పేరు సువార్త. ఏలూరు నుంచి వచ్చి డిట్రాయిట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. మా సంఘంలో ఆరాధనకు పూలు అమర్చడం, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే గిన్నెలు కడగడం ఆమె పని. ఇప్పుడు నార్త్ కరొలైనాలో, క్యారీలో ఉంటోంది. అక్కడ కొన్ని తెలుగు కుటుంబాలు ఇళ్ళల్లో కూడుకొని ఆరాధన చేసుకుంటాయి. పోయిన నెల ఆ సంఘపెద్ద ఒకాయన నాకు ఫోను చేశారు.

“అన్నయ్య గారూ, సువార్తమ్మ గారిని సండే స్కూలుకి ఇన్‌ఛార్జిగా పెడదామని మా ఆలోచన. పిల్లలంతా ఆంటీ ఆంటీ అంటూ ఆవిడ వెనకే ఉంటారు. కాకపోతే మీ పాత మినిట్స్‌లో ఆవిడ మీద ఒక మాట ఉంది కదండీ. అది క్లియర్ అయిందా లేదా? మీరు ఊఁ అంటే మేం ప్రొసీడ్ అవుతాం.”

రికార్డు చూసి చెబుతానన్నాను. ఏ రికార్డు చూడాలి? రాసిందే నేను. ఫోను పెట్టేశాక బల్ల దగ్గర కూర్చుండిపోయాను. ఏడేళ్ళ పాటు ఆమెకు ఏ పనీ అప్పగించలేదన్నమాట. ఆమె వచ్చి, వెనక వరుసలో కూర్చొని, వెళ్ళిపోతూ ఉండి ఉంటుంది. నేను రాసిన ఒక పేరా వల్ల.

ఇక జరిగింది చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవారికి చెప్పడం నాకు చేతకాలేదు గనుకనే మీకు చెబుతున్నాను.

ఆ చర్చి డిట్రాయిట్ పక్కనున్న ట్రాయ్ ఊరికి కొద్ది దూరంలో ఉంది. కార్ల వ్యాపారంలో బాగా సంపాదించిన కొన్ని కుటుంబాలు, ఇంగ్లండులో ఏదో పల్లెటూరి పాత చర్చిని చూసివచ్చి, దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ కట్టించుకున్నాయట. పళ్ళు పళ్ళుగా కోట గోడలాంటి అంచు ఉన్న చదరపు గోపురం. లోపల మొనదేలిన తోరణాలు, తలకిందులు చేసిన పడవ కడుపులా కనిపించే ఓక్ దూలాల పైకప్పు, పడమటి గుమ్మం పక్కన ఎనిమిది పలకల రాతి బాప్తిస్మపు తొట్టి. జనం కూర్చునే భాగానికీ బలిపీఠం ఉండే తూర్పు భాగానికీ మధ్య సన్నని చెక్కడపు పని ఉన్న చెక్క తెర. నేను కార్ల విడిభాగాల అచ్చులకు డ్రాయింగులు గీసి బతికినవాణ్ణి. కొలత తప్పితే నాకు నిద్ర పట్టదు. ఆ చర్చిని మొదటి ఏడాదిలోనే టేపు పెట్టి కొలిచాను. తూర్పు భాగం మిగతా కట్టడానికి సరళరేఖలో లేదు, కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంది. మేస్త్రీల తప్పనుకున్నాను. కాదట. ఇంగ్లండులోని అసలు చర్చి అలాగే వంకరగా ఉందని, ఆ వంకరను కూడా కొలిచి తెచ్చి కట్టారట.

ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు ఆ కట్టడంలో ప్రతిదాని మీదా అనుమానమే. గోపురం మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడి ఉండేవి. అరవై ఏళ్ళయినా నిండని చర్చిలో మెట్లు అంతగా ఎలా అరుగుతాయి? వంగి చూశాను. ఉలి గుర్తులున్నాయి. అరిగినట్టు చెక్కించారు. గోడ మీద మసి మరక ఉంటే, పూర్వం కొవ్వొత్తుల పొగ పట్టినట్టు కనిపించడానికి పూశారు. పాతదనాన్ని పనివాళ్ళకు పురమాయించి చేయించుకున్న మనుషులు మా చెప్పులను పాత బట్టల్లో కలిపారంటే ఆశ్చర్యమేముంది? అప్పట్లో నేనిలాగే ఆలోచించేవాణ్ణి. ఒక అవమానం జరిగినప్పుడల్లా లోపల ఒక అబద్ధపు రాయిని కనిపెట్టి తృప్తిపడేవాణ్ణి.

ఆ తూర్పు భాగంలో, ఉత్తరపు గోడ వైపు నేల మీద ఒక నల్లరాతి బండ, అందులో పొదిగిన ఇత్తడి పలక ఉండేవి. పలక మీద ఒక స్త్రీ బొమ్మ. రెండు చేతులూ జోడించి నిలబడి ఉంటుంది. తల మీద పెద్ద ముసుగు, పాదాల దగ్గర చిన్న కుక్కపిల్ల, పక్కన ఎర్ర రంగు నింపిన చిన్న డాలు. కింద లాటిన్ అక్షరాలు. అన్నీ ఇత్తడిలో చెక్కిన గీతలే. ఆ గీతల నిండా నలుపు. గోధుమరంగుకు తిరిగిన ఇత్తడి మీద ఆ నల్లని గీతల్లో ఆమె ముఖం ఎంత నెమ్మదిగా ఉండేదో నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఇంగ్లండులో కూలగొట్టిన ఒక చర్చి నుంచి దాన్ని కొని తెచ్చారని, అయిదు వందల ఏళ్ళ కిందటిదని అక్కడ ఒక చిన్న అట్ట మీద రాసిపెట్టారు. నేను నమ్మలేదు. మెట్లు అరగదీయించినవాళ్ళు ఇత్తడికి నలుపు పూయించలేరా?

ఇక్కడ మా బందరు సంగతి కొంత చెప్పాలి. మా మిషన్ చర్చిలో ఇత్తడి సిలువ, దీపస్తంభాలు, వాక్యం చదివే బల్లకు ఇత్తడి పక్షి ఉండేవి. ఈస్టరు ముందటి శనివారం వాటిని తోమడం ఒక్కో ఏడాది ఒక్కో కుటుంబం వంతు. చింతపండు, ఉప్పు, జల్లించిన బూడిద. మా వంతు వచ్చిన ఏడు మా నాన్నగారు మమ్మల్ని అందరినీ నేల మీద కూర్చోబెట్టి, ఇత్తడిలో మా ముఖాలు కనిపించేదాకా తోమించేవారు. ఎవరు తోమారో ఆదివారం నాడు చెప్పుకోకూడదు. చెప్పుకుంటే అది సేవ కాదని ఆయన పట్టుదల.

1982 ఏప్రిల్, మంచి శుక్రవారం ఆరాధన అయ్యాక, కుర్చీలు సర్దాలని చెప్పి సువార్త దగ్గర తాళంచెవి అడిగి తీసుకున్నాను. చర్చి తాళంచెవి మాకు ఒకటే ఇచ్చారు, అది పూల పని చూసే ఆమె దగ్గర ఉండేది. “ఆదివారానికి కావాలండీ, లిల్లీలు పెట్టాలి” అంటూ ఇచ్చింది. శనివారం ఉదయం నేనొక్కణ్ణే వెళ్ళాను. నా భార్య ఆ నెల బందరులో ఉంది. వంటింటి డబ్బాలోని చింతపండు నానబెట్టి ఒక సీసాలో పోసుకొని, ఉప్పు, చలిమంట పొయ్యిలోని బూడిద పొట్లం కట్టుకొని వెళ్ళాను. ఆ పలకను మా పద్ధతిలో తోమితే వీళ్ళు పూయించిన దొంగ పాతదనం వదిలిపోతుందని, ఈస్టరు ఉదయం వీళ్ళే చూసి ఆశ్చర్యపోతారని నా ఊహ. అందులో భక్తి ఎంత, కసి ఎంత? ఏడేళ్ళుగా తూచి చూస్తున్నాను. తేలలేదు.

బూట్లు విప్పి బండ పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. మొదటి చేతికే బంగారంలా వచ్చింది. ఎంత సంతోషమయిందో చెప్పలేను. కాని గీతల్లోని నలుపు వదలలేదు. అది మైనంలాగా, తారులాగా గట్టిగా పట్టుకొని ఉంది. ఇంత మొండిగా అతుక్కున్నదంటే కావాలని దట్టించిందే అనుకున్నాను. అక్కడితో నా అనుమానం రూఢి అయింది. కారులో నా డ్రాయింగు పెట్టె ఉంది. అందులోంచి డివైడరు తెచ్చి, దాని ఉక్కు ముల్లుతో ఒక్కొక్క గీతనూ గీరడం మొదలుపెట్టాను. ముసుగు మడతలు, వేళ్ళ సందులు, కనుబొమలు. అచ్చులు శుభ్రం చేసే శ్రద్ధతో చేశాను. డాలులోని ఎరుపు చిన్న పెచ్చులుగా లేచివచ్చింది. దాన్ని కూడా ఊదేశాను.

తరవాత లేచి నిలబడి చూశాను.

ఆమె లేదు. మెరిసే పసుపుపచ్చని పలక ఉంది, ఆమె లేదు. పక్కకు వంగి, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేటట్టు చూస్తే గీతలు లీలగా కనిపిస్తున్నాయి. నిటారుగా నిలబడితే నా ముఖమే కనిపిస్తోంది. ఆ నలుపే బొమ్మ అని నాకు అప్పుడు అర్థమయింది. మురికి కాదు, నటన కాదు. చెక్కినవాడు తన చేత్తో నింపిన నలుపు. ఆ చర్చి మొత్తంలో నిజంగా పాతది అదొక్కటే. దాన్నే నేను అబద్ధమని గీరేశాను.

ఆ సాయంత్రమే తాళంచెవి సువార్తకు తిరిగి ఇచ్చేశాను. ఈస్టరు నాడు మావాళ్ళంతా పలక చుట్టూ మూగారు. “అబ్బ, ఎంత మెరుస్తోందో!” అన్నారు ఆడవాళ్ళు. “ఈసారి అమెరికావాళ్ళకి కూడా పండగ కళ వచ్చిందిరా” అన్నాడొకడు. నేను మాట్లాడలేదు. చెప్పుకోకూడదన్న నాన్నగారి నియమం పాటిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ నియమం చాటున ఎంత సులువుగా దూరిపోయానో!

కొన్నాళ్ళకు ఆ చర్చి వార్డెను నన్ను పిలిపించాడు. చర్చి ఆస్తిపాస్తులు చూసుకునే పొడవాటి ముసలాయన. చేతిలో ఒక కవరు. అందులోంచి గోధుమరంగు పీచు ఒకటి తీసి తన అరచేతిలో పెట్టుకొని, ఇదేమిటో తెలుసా అని ఇంగ్లీషులో అడిగాడు.

“చింతపండు పీచు. మా ఆడవాళ్ళు వంటల్లో వాడతారు.”

“దీంతో ఇత్తడి కూడా తోముతారా?”

“కొందరు తోముతారు.”

“ఆ శనివారం మీ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?”

“తాళంచెవి మిసెస్ సువార్త దగ్గర ఉంటుంది.”

ఆయన పీచును మళ్ళీ కవరులో వేశాడు. “గీతల్లో సన్నని గీరుళ్ళున్నాయి. సూదిలాంటిదేదో వాడారు. ఆవిడ నర్సు కదూ?”

“అవును” అన్నాను.

ఒక్కొక్క జవాబునూ విడదీసి చూడండి. ఏదీ అబద్ధం కాదు. ఆయన శనివారం సంగతి అడిగితే నేను ఎప్పుడూ ఉండే సంగతి చెప్పాను. ఆయన సూది అన్నప్పుడు నా కోటు జేబులో డివైడరు ఉంది. ఆ సంభాషణను నేను ముందుగా సిద్ధం చేసుకోలేదు. నా నోటికి అంత నేర్పు ఎక్కడిది? నాలో ఎన్నాళ్ళ నుంచి ఉంది?

సువార్త పేరే ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. దాచి లాభం లేదు. ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు తాను బైబిలు పాఠం చదువుతానని ఆమె అడిగింది. ఆడవాళ్ళు చదవడం మన పద్ధతి కాదన్నాను. “ఏంటండీ అన్నయ్య గారూ! ఐసీయూలో మగవాళ్ళ గుండె ఆగితే ఛాతీ మీద గుద్ది ఆడించేది నేను. అక్కడ అది పద్ధతే గాని, ఇక్కడ పది వచనాలు చదివితే కొంపలు మునుగుతాయా?” అంది అందరి ముందూ. అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు. నేను ఆ నవ్వును మరచిపోయే మనిషిని కాను.

మేలో ఖాళీ చేయమని ఉత్తరం వచ్చింది. ఆ నలుపు మొదటి నుంచీ ఉన్నదని, మళ్ళీ నింపినా అది వేరే నలుపవుతుందని మ్యూజియం మనిషి చెప్పినట్టు అందులో ఉంది. మావాళ్ళు మండిపడ్డారు. ఎవరు చేశారో తేల్చమని మా సంఘ కమిటీ, కార్యదర్శినయిన నన్నే అడిగింది. అందరినీ ప్రశ్నలడిగాను. ఎవరెవరు ఎప్పుడు వచ్చారు, ఎవరింట్లో చింతపండు ఉంది, తాళంచెవి ఎవరిది. సువార్తను మాత్రం అడగలేదు. పాస్టరుగారింట్లో జరిగిన సమావేశపు మినిట్స్‌లో ఇలా రాశాను: తాళంచెవి సహోదరి సువార్త వద్ద ఉన్నందున, ఇతరుల ప్రవేశానికి ఆధారం లేనందున, బాధ్యత ఆమెపై నిలుస్తున్నది.

రెండు రోజుల్లో ఆమెకు తెలిసింది. డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. తెల్ల యూనిఫారం మీద కోటు. లోపలికి రమ్మంటే రాలేదు. గరాజు ముందు నిలబడే మాట్లాడింది.

“నేను తోమానని రాశారటగా అన్నయ్య గారూ?”

“బాధ్యత అని రాశాను. తోమావని రాయలేదు.”

“అబ్బో, భలే తేడా! మా ఇంట్లో ఇత్తడి చెంబు కూడా లేదండీ, అంతా స్టీలే. మా అమ్మ సూట్‌కేసులో కుక్కి పంపిన చింతపండు పులుసులోకే చాలక నేను చస్తుంటే, నేల మీది దొరసానికి రుద్దుతానా?”

ఆమె నవ్వబోయి మానేసింది.

“శనివారం తాళంచెవి ఎవరి దగ్గరుందో మీకు తెలుసు. నాకూ తెలుసు.”

“కుర్చీలు సర్దడానికి తీసుకున్నాను.”

“ఆదివారం నేను వచ్చేసరికి కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేనే సర్దాను.” గొంతు తగ్గించింది. “నేను చెబితే పాఠం చదవనివ్వలేదని కక్షతో చెప్పిందంటారు. అదీ మీకు తెలుసు. తప్పు చేశారని నేను అనట్లేదండీ. మంచికే చేసుంటారు. మీరే చెప్పేయండి. నా పేరు తీసేయండి, చాలు. ఆదివారం దాకా చూస్తాను.”

“చూద్దాం” అన్నాను.

ఆ ఒక్క మాటా అని తలుపు వేసుకున్నాను. ఆమె కారు వెంటనే కదలలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ఆమె కూర్చుని ఉండడం కిటికీ తెర పక్క నుంచి చూశాను. ఏడుస్తోందా, ఆలోచిస్తోందా, నన్ను ఎలా పట్టించాలా అని పథకం వేస్తోందా? నాకు తోచింది మూడోదే. నేను ఆమె స్థానంలో ఉంటే ఆ పనే చేసేవాణ్ణి గనుక.

అందుకే ఆదివారం రాకముందే మినిట్స్‌కు ఇంకొక వాక్యం కలిపాను. సహోదరికి కార్యదర్శిపై పూర్వపు మనస్పర్ధ గలదు, ఆమె చెప్పబోయే మాటలను ఆ దృష్టితో పరిశీలించవలెను. ఇంతకన్నా నీచమైన వాక్యం నా జీవితంలో రాయలేదు. చేతిరాత మాత్రం చక్కగా ఉంది.

ఆదివారం ఆమె మామూలుగానే పూలు పెట్టింది. సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు “ఎవరైనా మాట్లాడతారా?” అన్నారు. ఆమె తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా కాదు. రోగి మందు మింగుతాడా లేదా అని నర్సు చూస్తుందే, అలాగ. నేను లేచాను. అందరూ నన్నే చూశారు. నేను ప్రార్థన చేశాను. మన మీద నిందలు మోపేవారిని క్షమించమని, అన్యాయాన్ని ఓర్చుకునే బలం ఇమ్మని, సుదీర్ఘంగా చేశాను. కొందరు ఆమెన్ ఆమెన్ అన్నారు. కళ్ళు తెరిచేసరికి ఆమె లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. ఆరాధన అయ్యాక తాళంచెవి బాప్తిస్మపు తొట్టి అంచు మీద పెట్టి ఉంది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అననందుకు కూడా నేను అనుమానించాను. బయట ఎక్కడో చెబుతుందని సంవత్సరాల తరబడి కాచుకున్నాను. ఎవరైనా నాతో ముభావంగా ఉంటే, ఈయనకు చెప్పిందా అనుకునేవాణ్ణి. ఎక్కడా చెప్పలేదు. క్యారీ వారు సభ్యత్వపు కాగితం అడిగినప్పుడు ఆ మినిట్స్ నకలును నా చేత్తోనే కవరులో పెట్టి పంపాను. నియమం ప్రకారం పంపాలి గనుక పంపానని అప్పుడు అనుకున్నాను. నియమాలు నాకు ఎప్పుడూ ఇంత అనుకూలంగా ఎందుకు ఉంటాయి?

నా భార్యకు చెప్పలేదు. మూడేళ్ళ కిందట ఆమె పోయింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు, “సువార్తను ఒకసారి పిలవకూడదూ, చేయి చల్లగా ఉంటుంది” అంది. నంబరు లేదన్నాను. ఉంది.

ఇప్పుడు ఈ రాతను కూడా నేను అనుమానిస్తున్నాను. ఇంత వివరంగా, ఇంత వరసగా రాయడం పశ్చాత్తాపమా, లేక ఈ వ్యవహారంలో ఆఖరి కాగితం కూడా నాదే ఉండాలన్న పట్టుదలా? ఆమె అమాయకత్వాన్ని నేనే ప్రకటించి మళ్ళీ నేనే పెద్దమనిషిని కావాలని చూస్తున్నానా? ఆ అమెరికన్లు చేసినవి ముందు చెప్పి, నాది తరవాత చెప్పడం దేనికి? వాళ్ళు చేసినవి నిజమే. వాటి గురించి నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కాని హీటరు ఆపింది సువార్త కాదు. చెప్పులు దాచింది సువార్త కాదు. వాళ్ళ బాకీ ఆమె దగ్గర వసూలు చేశాను.

క్షమాపణ గురించి నేను రాయను. అడిగే అర్హత ఉందో లేదో తేల్చుకోలేదు. అడిగితే ఆమె ఇచ్చేస్తుందన్న భయం కూడా ఉంది. ఇంతవరకు రాశాక, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఎవరు ఏమనుకుంటున్నారో లెక్కవేయకుండా కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. నాకు దక్కినది అంతే. అది చాలు.

మీ చేతిలో ఉన్న ఈ ప్రతిలో నా పేరు రాయలేదు. మా సంఘ కమిటీకి పంపుతున్న ప్రతిలో పూర్తి పేరు, సంతకం ఉన్నాయి. క్యారీ సంఘానికీ, ఆ అమెరికన్ చర్చి వార్డెను కార్యాలయానికీ ఇంగ్లీషులో ఒక్కొక్క ప్రతి పంపాను. సువార్తకు పంపలేదు. తన పేరు తుడిచిన తరవాతి కాగితమే ఆమెకు అందాలి గాని, ముందుగా నా మాటలు కాదు.

కమిటీవారికి నా విన్నపం, విన్నపమన్నది మర్యాదకే, ఇది. 1982 మే నాటి మినిట్స్‌లో సహోదరి సువార్తపై ఉన్న రెండు వాక్యాలనూ కొట్టివేయవలెను. ఆ స్థానంలో, పలకను పాడుచేసినది అప్పటి కార్యదర్శి అని, తెలిసీ ఆమెపై మోపినది కూడా ఆయనే అని రాయవలెను. ఆ తీర్మానం నకలు క్యారీకి వెళ్ళవలెను. “పాత సంగతి, పోనివ్వండి అన్నయ్య గారూ” అని ఫోను చేయవద్దు. ఇంటికి వచ్చి నా చేయి పట్టుకొని ప్రార్థన చేయవద్దు. నన్ను ఏమని రాసినా అభ్యంతరం లేదు. ఆమెను గురించి ఏమి రాశారో అక్షరం అక్షరం చూపిస్తూ, సభ్యులందరి సంతకాలతో, నాకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలెను.